ఏతం మీద మా బావ

మొన్న ఆడికృత్తిక తిరునాళ్ళకు తిరుత్తణి కొండ ఎక్కాను. మెట్ల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. కావళ్ళు ఎత్తుకున్నవాళ్ళు, గుండ్లు కొట్టించుకున్నవాళ్ళు, పిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళు, అందరూ "హరోహర" అంటూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. నాకు కాస్త పైమెట్టు మీద ఒకాయన నిలబడి, నడుముకు చుట్టుకున్న కొబ్బరి నార లాగి లాగి తాడు పేనుతున్నాడు. పక్కన పెళ్ళాం నెత్తిన పాలకుండ మోస్తూ, "సామి దగ్గిరికి వచ్చి గూడా చెయ్యి వూరుకోదా నీకు?" అని సణుగుతోంది. ఆయన వినిపించుకోలేదు. జనం ఒక మెట్టు జరిగితే తానూ ఒక మెట్టు జరిగి, తాడు ఇంకో మూర పెంచుకుంటున్నాడు.

వెనకనుంచి చూస్తే అచ్చం మా బావే. బావ పోయి ఇన్నేళ్ళయింది, ఇప్పుడు ఆయనకు కొండ మీద పనేముంది అని నవ్వుకోబోయాను. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. పక్కనున్న ముసలమ్మ అది నా భక్తి అనుకుని చేతిలో విభూతి పెట్టింది.

బావ అంటే మా ఆయనకు అన్న. మా వైపు తమ్ముడి పెళ్ళాం బావ ఎదుట నిలబడకూడదు, ముఖాముఖి మాట్లాడకూడదు. తామరైపాక్కం దాటి ఏటి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఈ కట్టుబాట్లకేం కరువు లేదు, వానలకే కరువు. అందుకని నేను చూసిన బావంతా తలుపు సందులోంచి చూసిన బావే. ముఖం కన్నా వీపు బాగా గుర్తు. ఏదైనా చెప్పాలంటే అక్కతో చెప్పించేదాన్ని. అక్క అంటే ఆయన భార్య, నా తోడికోడలు. ఒక్క కప్పు కింద అన్నేళ్ళు కాపురం చేసి ఆయనతో నేను సొంతంగా మాట్లాడింది ఒక్కసారే. అదెలా జరిగిందో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

మా బావ సరిగ్గా కూర్చుని ఉండగా నేను చూడలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఒక మోకాలు పైకెత్తి, ఎవరో పిలిస్తే లేచిపోయేవాడిలా కూర్చునేవాడు. ఊళ్ళో హరికథ పెడితే వెళ్ళేవాడు, వేరుశనక్కాయల మూట వెంట తీసుకుని. రాముడు అడవికి పోతుంటే అందరూ కళ్ళు తుడుచుకుంటారు, ఈయన కాయలు ఒలుస్తాడు. కథ అయ్యేసరికి విత్తనాలు సిద్ధం. శోళవరంలో మా చుట్టాలింటికి పెళ్ళికి పోతే, తాళి కట్టే ముందు కనబడలేదని వెతికారు. పెళ్ళివారి బండి ఇరుసు వదులుగా ఉందని దాన్ని బిగిస్తూ దొరికాడు.

ఆయన ఒప్పుకోని మాట ఒకటుంది. ఊరికే. "వూరికే కూచోనుండా" అని ఎవడైనా ఆయన చెవిన పడేట్టు అన్నాడో, వాడి పని అయిపోయినట్టే. "వూరికే అనేది ఒగ పనా? యాడుండాది అది? చూపించు నాకు" అని వాడి వెంటబడేవాడు. పొద్దు వాలాక పిల్లల్ని వరుసగా నిలబెట్టి, "ఈ పొద్దు ఏం చేసినావు?" అని అడిగేవాడు. పిల్లలకు ఆ ప్రశ్న అంటే చలిజ్వరం. పిల్లలతో ఆగేవాడా, మా ఆయన్నీ అడిగేవాడు, పాలు తగ్గిస్తే ఆవునూ అడిగేవాడు. నాకు పెద్దపిల్ల పుట్టిన రోజు సాయంత్రం గడప అవతల నిలబడి మంత్రసానిని అడిగాడట, "ఈ పొద్దు మా మరదలు ఏం చేసింది?" అని. "బిడ్డను కన్నిందయ్యా" అంది ఆమె. "సరి సరి. అదీ పనే" అని వెళ్ళిపోయాడట. నేను లోపల నొప్పుల మీదే నవ్వాను.

ఊళ్ళో ఆడవాళ్ళు మొగుళ్ళను తిట్టాలంటే మా బావనే చూపించేవాళ్ళు. "ఆయన కాలి గోటికి చాలవు నువ్వు" అని. పైనుంచి చూసేవాళ్ళకేం తెలుసు. కాపురం చేసేది అక్క.

అక్క ఒకసారి కావాలని ఉప్పు వెయ్యకుండా చారు కాచి పోసింది. ఆయన వంచిన తల ఎత్తకుండా తాగి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. "ఏం కూర తింటివి?" అని అడిగితే "కూరే తింటిని" అన్నాడు. తిరువళ్ళూరు సంతకు తోడు వెళ్ళి, "నీకు ఇష్టమైన రంగులో ఒక చీర తీసియ్యి" అని అక్క అడిగితే, కొట్టువాణ్ణి పట్టుకుని ఏ రంగు ఎక్కువకాలం వెలవకుండా ఉంటుందో విచారించి మట్టిరంగు చీర తెచ్చాడు. అక్క దాన్ని చాన్నాళ్ళు కట్టింది. "చావదు మే ఇది. నా మొగుడి మాదిరి" అని తిట్టుకుంటూనే ఉతుక్కునేది.

"ఆయనకు ఆకలి వుంటాది పాపా, రుచి వుండదు" అందొకసారి, వడ్లు దంచుతూ. "ఇష్టం అనేది ఒగటి వుంటాదని ఆయనకు ఎవురూ చెప్పలా. పని నించి పనికి దూకతా వుంటాడు, నిప్పుల మీద నడిచేవాడి మాదిరి."

"మంచిదే కదక్కా, సోమరిపోతు కాదు కదా" అన్నాను.

"ఒగ దినం అడిగినా. కొంచేపు కూచోరాదా అని. కూచుంటే బయమైతాది అన్నాడు. ఏం బయమంటే, తెలీదంట. కూచుంటే ఏందో వచ్చి పక్కన కూచుంటాదంట." రోకలి ఆపి నా వంక చూసింది. "అది రాకుండా వుండాలనే పావం, ఇట్ల చచ్చేది."

ఆ మాట తర్వాత నాకు ఆయన్ను చూసి నవ్వడం కష్టమైపోయింది. తెల్లారకముందే ఆయన వాకిట్లో చెప్పుల్లేకుండా తిరగడం అందరికీ తెలుసు. పనికి తొందరపడుతున్నాడని అందరం అనుకునేవాళ్ళం. ఆయన పరుగు పని వైపు కాదని, దేన్నించో తప్పించుకునే పరుగని నాకు అప్పటినుంచీ తెలుసు.

ఇలా ఉండగా ఒక ఏడు వేసవి ముదిరింది. ఏటిలో ఇసుక తప్ప మరేం లేదు. రాగీ మిరపా బావుల మీదే బతకాలి. ఏతం చూడనివాళ్ళకు చెప్తాను. బావి గట్టున నిలువు స్తంభం, దాని మీద తక్కెడ కాడలా ఊగే పొడుగాటి దూలం. దూలం ఒక కొస నుంచి వెదురు గడ, గడకు ఇనప బాన. ఒక మనిషి దూలం మీద ఎక్కి అటూ ఇటూ నడుస్తాడు. బావి వైపు నడిస్తే బాన మునుగుతుంది, వెనక్కి నడిస్తే లేస్తుంది. కింద ఇంకో మనిషి గడ పట్టుకుని బానను ముంచి, పైకొచ్చాక కాలవలోకి వంచుతాడు. పైవాడు అడుగు తప్పితే బావిలోకే. ఇద్దరి చెయ్యీ కాలూ కలవాలంటే పాట ఉండాలి. ముందు పిళ్ళారిని, అంటే వినాయకుణ్ణి, పిలిచి, చరణానికి ఒక బాన లెక్క చెప్పుకుంటూ పోతారు. మేం ఇంట్లో తెలుగు వాళ్ళమే గాని, మా బావుల దగ్గర ఏతం పాట అరవంలోనే.

మా పెద్దబావి దగ్గర కింద మునుసామి, పైన వాడి అన్న. ఆ వేసవిలో అన్నకు జ్వరం తగిలి మంచం పట్టాడు. కొత్తవాడు దొరకలేదు. మిరప తలలు వాల్చేసింది. బావ గట్టు మీద అటూ ఇటూ తిరిగి తిరిగి, పంచె గోచీ పెట్టి, దూలం ఎక్కేశాడు.

భూములున్నవాడు ఏతం ఎక్కడం మా వైపు ఎవరూ కనీ వినీ ఎరగరు. మిరప చాళ్ళలో కలుపు తీస్తున్న మేమంతా కొంగులు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయాం. బావ పెదవి బిగించి నడుస్తున్నాడు. దూలం కుదుపుతోంది, బాన గోడకు కొట్టుకుంటోంది, నీళ్ళు సగం బావిలోకే పోతున్నాయి. కింద మునుసామి మొత్తుకున్నాడు.

"అయ్యా, పాడకుండా తొక్కితే నాకు చెయ్యి కలవదు! ఎప్పుడు వొంగల్లో, ఎప్పుడు లెయ్యల్లో తెలవదు!"

"నాకు పాటలు రావురా."

"రాకుంటే నీళ్ళూ రావయ్యా."

నీళ్ళు రావంటే బావకు ఇక వేరే మాట లేదు. గొంతు సవరించుకుని పిళ్ళారిని పిలిచాడు. ఆ గొంతు తుప్పు పట్టిన గొళ్ళెంలా ఉంది, మాలో ఒకామె కిసుక్కున నవ్వింది. రెండో చరణానికి నవ్వు ఆగిపోయింది. ఆయన చిన్నప్పటినుంచి ఆ గట్టు మీదే తిరిగినవాడు, పాటంతా ఆయన లోపల ఎప్పుడో చేరి కూర్చునుంది. మొగుడికి సంగటి మోసుకెళ్ళే ఆడమనిషి దారిలో ఎవరెవరితో మాట్లాడిందో ఆ పాటలో ఒక పెద్ద కథ ఉంటుంది. బావ ఆ ఆడమనిషిని కొంటెగా నడిపించాడు. బాన నిండుగా లేచింది. మునుసామి కిందనుంచి "ఆమా! ఆమా!" అని వంత పాడాడు. దూలం మీద బావ వీపు నేను ఎరిగిన వీపు కాదు. కూలివాళ్ళ వంతు మారే పొద్దయినా ఆయన దిగలేదు.

ఆ రోజు అన్నానికి కూర్చుని, రెండు ముద్దలు తిని తల ఎత్తాడు. "పులుసులో పులుపు ఎక్కువైంది" అన్నాడు.

అక్క చేతిలో గరిటె జారిపోయింది. లోపలికి వచ్చి, నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. "తప్పు పట్టినాడు మే! పులుపంట! తెలిసింది మే ఆయనకు!" అని. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొగుడు వంటకు వంక పెడితే సంబరపడ్డ ఆడది లోకంలో మా అక్క ఒక్కతే అయుంటుంది.

మునుసామి వాళ్ళన్న జ్వరం తగ్గి లేచాడు. బావ దూలం ఇవ్వలేదు. వాణ్ణి వేరే బావికి పంపి, రోజూ వేగుచుక్క పొడిచేసరికి తానే ఎక్కేవాడు. తెల్లవారుజామున వాకిట్లో తిరగడం పోయింది. రాత్రిళ్ళు గురక పెట్టి నిద్రపోయేవాడు. ఒక సాయంత్రం పిల్లలు అలవాటుగా వరుస కట్టి నిలబడితే, "ఏందిరా నిలబడుకోనుండారు, పోయి ఆడుకోండి" అన్నాడు. పిల్లలు బెదిరిపోయారు, నాయనకు ఒంట్లో బాగాలేదని నా దగ్గరకు పరిగెత్తుకొచ్చారు. అక్క మాత్రం చీర మార్చి, తలలో కనకాంబరాలు పెట్టింది. ఆ వయసులో సిగ్గెందుకు, దిష్టి తగులుతుందని నేనే ఎగతాళి చేశాను.

అయితే ఇల్లు నడవాలి కదా. పెద్దబావి కింద మడి చెరువైపోయింది, పైమడి బీటలు తీసింది. బండి చక్రం విరిగి నెలల తరబడి పడి ఉంది. తిరువళ్ళూరు తాలూకా కచేరీకి ఎవరూ వెళ్ళలేదు, కొట్టంలో విత్తనాలు పురుగు పట్టాయి. అన్నీ ఆయన చేతుల మీద నడిచినవే, ఇప్పుడు ఆయన కాళ్ళు ఒక దూలానికి అంకితం. శోళవరం చుట్టాలు వచ్చి గట్టు మీదనుంచి ఆయన్ను చూసి, "కూలోడి మాదిరి ఇదేందప్పా" అని, మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగిపోయారు. మా ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"అన్నా, మనం ఏతం తొక్కేవాళ్ళమా, తొక్కించేవాళ్ళమా?" అని అడిగాడు మా ఆయన ఆ రాత్రి అన్నాల దగ్గర.

బావ ముద్ద కలుపుతూ, "తొక్కితే నీళ్ళు వస్తా వుండాయి కదరా" అన్నాడు.

"నీళ్ళకోసరమేనా?"

"నీళ్ళకోసరం కాకుండా మరి ఎందుకు?"

తలుపు వెనక అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నిజం చెప్పెయ్యవయ్యా, నాకు బాగుంది అని చెప్పెయ్యి అని నా చెవి దగ్గర గొణిగింది. ఆయన చెప్పలేదు. చెప్పడం ఆయనకు రాదు. నాకు బాగుంది అనే మాటను ఆయన ఆ ఇంట్లో ఎవరినీ ఏనాడూ అననివ్వలేదు, తానెలా అంటాడు?

మా ఆయన చెడ్డవాడు కాడు. అన్న కష్టం తప్పిద్దామనే ఆలోచించాడు. పట్నం పోయి ఆయిల్ ఇంజను బేరం చేశాడు. "నీళ్ళే కదన్నా కావల్సింది? ఒగ ఇంజను పది మంది తోడేది తోడతాది. నువ్వు హాయిగా అన్ని పనులూ చూసుకోవచ్చు" అన్నాడు. బావ "సరి" అన్నాడు.

నేను ఆయనతో మాట్లాడింది అప్పుడే. మా ఆయన ఇంజను తేవడానికి పట్నం వెళ్ళాడు. అక్క పుట్టింటికి వెళ్ళింది. మధ్యాహ్నం బావ పొలం నుంచి వచ్చి, వాకిట్లో కట్టేసిన దూడ దగ్గర గొంతుకూర్చున్నాడు, తలుపు వైపు వీపు పెట్టి. కాసేపటికి దూడతో మాట్లాడడం మొదలెట్టాడు.

"ఏమే లచ్చిమీ, ఇంజను వస్తే నీళ్ళు ఎక్కువ పడతాయంట. నిజమంటావా?"

ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. దూడకు చెప్పిన మాట నాకేనని అర్థమైంది. నేనూ తలుపు చాటునుంచి దూడకే చెప్పాను. "పడతాయనే అంటా వుండారు లచ్చిమీ."

"పడతాయి. పట్టాభిరామ్ వూరి పక్క ఒగ తోటలో చూసి వచ్చినా. కాలవ పట్టలా. ఆ మాదిరి నీళ్ళు నేను చచ్చి పుట్టినా తోడలేను." దూడ గంగడోలు నిమిరాడు. "ఇంజను వద్దనేదానికి తప్పేమన్నా దొరకతాదేమోనని వెదకతా వుండా. దొరకలా."

 కట్టుబాటూ లేదు, గిట్టుబాటూ లేదు, దూడను వదిలేసి నేరుగా అనేశాను. "బావా, ఒగ బావికి ఇంజను పెట్టనీండి. పెద్దబావికి ఏతం వుండనీండి. మీరు పాడుకోండి, ఎవురు వద్దన్నారు?"

ఆయన వీపు బిగుసుకుంది. వెనక్కి తిరగలేదు.

"ఇంజను వుండంగా ఏతం తొక్కితే అది పని కాదమ్మా. ఆట."

"ఆట అయితే ఏమి బావా?"

 ఆయన లేచి, చేతికంటిన వెంట్రుకలు దులుపుకుని, "ఆ మాట చిన్నప్పుడు ఎవురన్నా చెప్పింటే బాగుండు" అని పొలానికి వెళ్ళిపోయాడు.

ఇంజను తిరువళ్ళూరు స్టేషన్ నుంచి బండి మీద వచ్చింది. పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. దబదబమని అది మొదలెట్టగానే కాలవ ఉరకలు వేసింది, పిల్లలు కేకలు. బావ ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి, "మంచి పని చేసినావురా" అని తమ్ముడి భుజం తట్టాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, అదే నా కడుపుమంట. ఆ వారంలోనే ఏతం దూలాన్ని తానే దించి, తానే కోసి, కాడిమానులు చేయించాడు. పనికొచ్చే కొయ్యను ఊరికే పడెయ్యకూడదు కదా. మునుసామీ వాడి అన్నా పని లేక పట్టాభిరామ్ రైలు కూలికి పోయారు.

బావ మళ్ళీ పాత బావ అయ్యాడంటే అబద్ధం. అంతకన్నా అధ్వాన్నం. బండి బాగుపడింది, విత్తనాలు ఎండాయి, కచేరీ పనులు తీరాయి, శోళవరం చుట్టాలు వచ్చి మంచినీళ్ళు తాగారు. ఆయన తాడు మీద తాడు పేనుతూనే ఉన్నాడు. కొట్టంలో తాళ్ళు పెట్టడానికి చోటు లేదు. తెల్లవారుజామున వాకిట్లో అడుగుల చప్పుడు మళ్ళీ వినిపించసాగింది, మునుపటికన్నా వేగంగా. అక్క ఒకనాడు ఎదురు నిలబడి అడిగేసింది, "పోనీ ఇంట్లోనే పాడుకో. నేను వింటా."

"నీళ్ళు ల్యాకుండానా?" అన్నాడు వింతగా చూసి.

యుద్ధం వచ్చింది. ముందు దాని గురించి ఎవరికీ పట్టలేదు. తర్వాత ఒక్కొక్కటీ దొరకడం మానేసింది. ఇంజను నూనె తిరువళ్ళూరులో లేదు, పట్నంలో ఉంటే మనదాకా రాదు. ఇంజను గోనెపట్టా కప్పుకుని పడుకుంది. ఆ ఏడూ వేసవి ముదిరింది, రాగి వెన్ను పట్టే అదను. మళ్ళీ ఏతం ఎత్తాలన్నాడు మా ఆయన. ఈసారి చుట్టాల మాట ఆయన ఎత్తలేదు. కొత్త దూలం తెప్పించారు, మునుసామిని పిలిపించారు.

నేను ఎప్పుడూ అక్కను అంత సంతోషంగా చూడలేదు. దేశమంతా యుద్ధం ఆగాలని మొక్కుకుంటుంటే మా అక్క మాత్రం, ఇంజను నూనె ఇంకొన్నాళ్ళు రాకుండా ఉంటే తిరుత్తణికి పాలకావడి మోస్తానని మొక్కుకుంది. బావకు తలంటి పోసింది. కొత్త తువ్వాలు చుట్టింది. "మళ్ళా వస్తాది చూడు పాపా, మనిషి మళ్ళా వస్తాడు" అని నా గడ్డం పట్టుకుంది. తెల్లారకముందే మేమిద్దరం సంగటి గంప నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి పోయాం.

బావ దూలం ఎక్కాడు. ఒళ్ళు తగ్గినా అడుగు తప్పలేదు. పిళ్ళారిని పిలిచాడు. మొదటి బాన లేచింది. రెండో చరణం ఎత్తుకుని సగంలో ఆపాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ ఆపాడు. తర్వాత లెక్క ఒక్కటే చెప్పాడు, ఒంటి లెక్క, రాగం లేకుండా. మునుసామి తల ఎత్తి, "అయ్యా, ఆ సంగటి ఆడమనిషి కథ ఎత్తండి" అని బతిమాలాడు. "నువ్వు వొంగు" అన్నాడు బావ. మునుసామి ఆ లెక్కకే చెయ్యి కలుపుకున్నాడు. బాన మునిగింది, లేచింది, నీళ్ళు కాలవలో పడ్డాయి. పొద్దెక్కింది. నేను అక్క ముఖం వైపు చూడలేక మడి వైపు చూశాను. రాగి తడుస్తోంది.

ఆయన దిగి గట్టు మీద కూర్చుంటే అక్క గిన్నె అందించి అడిగింది. "ఏమైంది? పాట మరిచిపోతివా?"

"మరవలా. అంతా వుండాది."

"మరి?"

"పాడతా వుంటే, ఇంజను ఈ పాటికి యాడికి తోడేసి వుంటాదో అని లెక్క వస్తా వుండాది. ప్రతి బానకూ. అది నిలవలా." సంగటి ముద్ద చేతిలో పట్టుకుని దాని వంకే చూశాడు. "నేను పైన, అది కింద. రెండూ తోడతా వుండాము. నేను గెలవను కదా."

అక్క ఆయన పక్కన మట్టిలో కూలబడింది. నేను చాటుకు జరగడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. ఆయనా నన్ను అదిలించలేదు.

వానలు పడేదాకా రోజూ తొక్కాడు, నోరు మూసుకుని. పంట నిలబడింది. చుట్టుపక్కల ఊళ్ళలో రాగి మాడిపోతే మా మడి ఒక్కటే పచ్చగా ఉంది. జనం వచ్చి చూసి పోయారు. కోత ముందు బావకు జ్వరం పట్టుకుంది. మంచం మీద కూడా నార అడిగాడు. పేనే బలం లేక దాన్ని గుప్పిట్లో నలుపుతూ ఉండేవాడు. ఎవరో పక్కన కూర్చున్నారన్నట్టు గోడ వైపు ఒదిగి పడుకునేవాడు. "ఎవురూ ల్యారు, నేనే వుండా" అని అక్క ఎంత చెప్పినా నమ్మలేదు. అట్లాగే పోయాడు.

మా వైపు చావింట్లో ఆడవాళ్ళు శవం చుట్టూ చేరి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఒప్పారి పెడతారు. పోయినవాడి గొప్పలన్నీ పాటగట్టి ఏడవడం అది. ఊరి ఆడవాళ్ళంతా వచ్చారు. బావులు తవ్వించిన మారాజా అని ఎత్తుకున్నారు. బీడు దున్నిన బంగారమా అన్నారు. కరువులో పంట నిలిపి పోయినావా అని గుండెలు బాదుకున్నారు. ఒక్క అబద్ధం లేదు వాళ్ళ పాటలో. నేనూ వాళ్ళతో కలిసి ఏడుస్తున్నాను.

అక్క ఉన్నట్టుండి చెయ్యెత్తింది. "నిలపండి" అంది. గొంతు గట్టిగా లేదు గాని అందరూ ఆగిపోయారు.

"అవన్నీ ఆయన చచ్చిపోతా చేసినవి. ఒగే ఒగ వేసవి బతికినాడు మే నా మొగుడు. పులుసు పులుపని అన్నాడు. నిద్రపోయినాడు. దాన్ని పాడండి."

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్ద ఒప్పారి పాడే ముసలామె నోరు తెరిచి, ఏమనాలో తోచక మూసుకుంది. నేనన్నా అందుకుంటానేమోనని అక్క నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. వాకిట్లో మగవాళ్ళు పాడె కట్టడం అయిపోవచ్చింది. ఆ ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుని, మళ్ళీ బావుల దగ్గరనుంచి ఎత్తుకుంది. మిగిలినవాళ్ళు అందుకున్నారు.